కార్టిసాల్ 19 అంటే ఎక్కువా? రంది (దిగులు, టెన్షన్) ఒంట్లో ఏం చేస్తుంది

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 44, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమస్తా పని. రెండేళ్ల కింద చిట్టీ మునిగి నెత్తిన అప్పు పడింది, పెద్దపాప ఇంజనీరింగ్ ఫీజు ఒకటి. అప్పటి నుంచి రాత్రి మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టడం లేదు. బీపీ 148/94, పరగడుపు షుగర్ 112, మూడు నెలల షుగర్ 6.1. పొట్ట పెరిగింది, జుట్టు రాలుతోంది, నెలకోసారి జలుబు. ఎవరో చెబితే ప్యాకేజీలో ఉదయం 8 గంటలకు కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోన్ పరీక్ష కూడా చేయించారు, 19 వచ్చింది. ఏదో వీడియోలో 15 దాటితే ప్రమాదం అన్నారట. మీరు అడిగినవి మూడు: 19 ఎక్కువా? కార్టిసాల్ తగ్గించే పొడి వాడొచ్చా? "అంతా టెన్షన్ వల్లే" అని డాక్టర్లు అనేది నిజమా, లేక ఏమీ తేలనప్పుడు అనే మాటా?

హనుమకొండలో పాతికేళ్లకు పైగా జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్నాను. మూడో ప్రశ్న నన్ను ముఖం మీదే అడిగినవాళ్లు తక్కువ, మనసులో అనుకున్నవాళ్లు ఎక్కువ. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు 19 సంగతి. అది మామూలు. ఉదయం 8 గంటల ప్రాంతంలో డెసిలీటరు రక్తంలో కార్టిసాల్ దాదాపు 5 నుంచి 25 మైక్రోగ్రాముల మధ్య ఉంటుంది. ఆ వేళకు అది పైనే ఉండాలి కూడా. మనం లేచిన అరగంట, ముప్పావుగంటలో అది ఇంకొంచెం ఎగబాకుతుంది, అక్కడి నుంచి రోజంతా దిగుతూ వచ్చి అర్ధరాత్రికి అడుగుకు చేరుతుంది. అదే మనిషికి రాత్రి పన్నెండింటికి నిద్రలో ఉండగా తీస్తే పొద్దుటి అంకెలో నాలుగో వంతు కూడా ఉండదు. కాబట్టి వేళ చెప్పకుండా కార్టిసాల్ అంకె చెప్పడం, ఏ సీజనో చెప్పకుండా మిర్చి రేటు చెప్పినట్టే. పైగా సూదికి భయపడ్డా, ల్యాబ్ లైన్లో గంట నిలబడ్డా, రాత్రి నిద్ర లేకపోయినా అది మారుతుంది. ఆడవాళ్లు గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే రిపోర్టులో ఎక్కువ కనిపిస్తుంది, ఒంట్లో చేసే పని మాత్రం ఎక్కువ కాదు. ఆ 15 గీత వీడియో చేసినాయన ఎక్కడి నుంచి తెచ్చాడో ఆయనకే తెలియాలి.

ఇక అసలు సంగతి. నేను కాకతీయ మెడికల్ కాలేజీలో మొదటి ఏడు చదువుతున్న రోజులవి. నాడి పట్టడం అప్పుడే నేర్పారు, దొరికిన వాళ్లందరి చెయ్యీ పట్టుకునే ఉత్సాహం. మా మేనమామ మిర్చి బస్తాలు వేసుకుని ఎనుమాములకు వచ్చాడని నేనూ వెళ్లాను. వేలం పాట మొదలయ్యే ముందు రైతు ఎలా నిలబడతాడో మీకు నేను చెప్పాలా! మామ బస్తా మీద ఒక చెయ్యి వేసి, నాలుకతో పెదాలు తడుపుకుంటూ, ఖరీదుదారులు వచ్చే వైపే చూస్తున్నాడు. "చెయ్యి ఇటు తే మామా" అని నాడి చూశాను. నిమిషానికి 112. అంతకు ముందు గంటసేపు మనిషి కూర్చున్న చోటు నుంచి లేవలేదు. ఖరీదుదారు వచ్చాడు, ఒక కాయ తీసి తొడిమ విరిచాడు, వేళ్ల మధ్య నలిపి చూసి రేటు చెప్పి ముందుకు పోయాడు. అనుకున్నంత రాలేదు, మరీ నష్టమూ కాదు. చాయ్ తాగి కూర్చున్నాక పావుగంటకు మళ్లీ చూశాను. 84.

ఆ 112 అడ్రినలిన్ పని. మూత్రపిండాల నెత్తిన చిన్న టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులు ఉంటాయి, ఒక్కోటి నాలుగైదు గ్రాములు, అంతే. వాటి లోపలి భాగం నరాల నుంచి కబురు అందగానే సెకన్లలో అడ్రినలిన్ వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, లివర్ దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది, నోరు ఎండిపోతుంది, పొట్ట తన పని ఆపేస్తుంది, రక్తం కాళ్లూ చేతుల కండరాల వైపు మళ్లుతుంది. అమెరికాలో వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త పిల్లుల కడుపు కదలికలు చూస్తూ, భయపడ్డ పిల్లికి అరుగుదల ఆగిపోవడం గమనించాడు. 1915లో పుస్తకం రాశాడు. ఆపద ఎదురైతే కొట్లాడటానికో పారిపోవడానికో ఒళ్లు చేసుకునే ఏర్పాటు ఇదంతా అన్నాడు. మా మామ కొట్లాడనూ లేదు, పారిపోనూ లేదు. బస్తా పక్కన నిలబడ్డాడు. కండరాల కోసం బయటికి వచ్చిన చక్కెరకు పని లేదు.

అడ్రినలిన్ రెండు మూడు నిమిషాల్లోనే రక్తంలో సగానికి పడిపోతుంది. అందుకే చాయ్ తాగేసరికి నాడి దిగింది. కానీ కథ అక్కడితో అయిపోలేదు. మెదడులో హైపోథాలమస్ అనే చోటు నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి రక్తం ద్వారా అడ్రినల్ పై పొరకు ఇంకో కబురు వెళుతుంది. ఇది నెమ్మదిగా నడిచే కబురు. దాని ఫలితమే కార్టిసాల్. టెన్షన్ మొదలైన 20-30 నిమిషాలకు గానీ అది పైకి చేరదు. చేరాక సగానికి తగ్గడానికి ఇంకో గంట, గంటన్నర. అంటే మామ నాడి 84కు దిగి, "పోనీలే" అనుకుంటున్న ఆ సమయానికి ఆయన ఒంట్లో కార్టిసాల్ అప్పుడే పైకి ఎక్కుతోంది. మనిషి మరిచిపోయాక కూడా ఒళ్లు మరిచిపోదు, ఇంకో రెండు గంటలు తయారుగానే ఉంటుంది.

ఏడాదికి నాలుగుసార్లు మార్కెట్‌కు వచ్చే మనిషికి దీనివల్ల ఏమీ కాదు. నిజానికి ఇది లేకపోతే బతకలేం. మీ సంగతి వేరు. పగలంతా పాట, ఫోన్లు, లెక్కలు, ఇంటికి పోయాక అప్పులవాళ్లు, రాత్రి మూడింటికి మళ్లీ అదే. పొద్దున ఎక్కింది రాత్రికి దిగాలి. మీకు ఆ దిగడమే సరిగా జరగడం లేదని నా అనుమానం. ఎక్కువ కాలం టెన్షన్‌లో ఉన్నవాళ్లలో చాలామందికి పొద్దుటి అంకె మామూలుగానే ఉండి, సాయంత్రం దిగాల్సినంత దిగదు. ఉదయం తీసిన రక్తంలో అది కనిపించదు. అందుకే ఆ పరీక్ష మళ్లీ చేయించొద్దంటున్నాను.

కార్టిసాల్ ఎక్కువైతే ఏమవుతుందో, అస్సలు లేకపోతే ఏమవుతుందో రెండూ ఒకే మనిషిలో చూశాను. పరకాల వైపు నుంచి అరవై దాటిన ఒక పెద్దమ్మ. మోకాళ్ల నొప్పులకు అంగట్లో ఒకతను అమ్మే పొట్లాల మందు రెండేళ్లుగా వాడుతోంది. బూడిద రంగు పొడి, దానితో ఒక చిన్న తెల్ల గోళీ. మొదటి వారంలోనే నొప్పి మాయం. ముఖం గుండ్రంగా నిండింది, పొట్ట వచ్చింది, "పొట్లాలు పడ్డంక ఒళ్లు చేసింది" అని ఇంట్లోవాళ్లకు సంతోషం. బతుకమ్మకు హనుమకొండలో బిడ్డ ఇంటికి వచ్చి పొట్లాలు ఊళ్లోనే మరిచిపోయింది. మూడో రోజు వాంతులు, నాలుగో రోజు లేవబోయి పడిపోయింది. మా దగ్గరకు తెచ్చేసరికి బీపీ 80/50, షుగర్ 54. ముఖం చందమామలా ఉంది, చేతులూ కాళ్లూ మాత్రం పుల్లలు. ముంజేతుల మీద తగిలీ తగలకుండానే ఏర్పడ్డ ఊదా మచ్చలు, చర్మం ఉల్లిపొరలా పలచన. వాళ్ల బిడ్డను అడిగితే, ఆర్నెల్లుగా గొంతుక్కూర్చుంటే చేతులు ఆన్చకుండా లేవలేకపోతోందని చెప్పింది.

పొట్లంలో ఉన్నది స్టెరాయిడ్ అని అనుమానించడానికి ఇంత చాలు. స్టెరాయిడ్ గోళీ అంటే కార్టిసాల్‌కు అన్నయ్య వరస. దానిలాగే పని చేస్తుంది, ఇంకా గట్టిగా చేస్తుంది. రెండేళ్లు బయటి నుంచి వస్తుంటే ఆమె అడ్రినల్స్ మనతో పని లేదనుకుని పడుకున్నాయి. ఒక్కసారిగా ఆపేసరికి ఒంట్లో చుక్క కార్టిసాల్ లేదు. రక్తనాళాలకు పట్టు పోయింది, షుగర్ నిలబెట్టే దిక్కు లేదు. హైడ్రోకార్టిసోన్, అంటే మందు రూపంలో కార్టిసాల్, 100 మిల్లీగ్రాములు నరానికి ఇచ్చి సెలైన్, గ్లూకోజ్ పెట్టాం. సాయంత్రం రౌండ్‌కు వెళ్తే పరుపు మీద లేచి కూర్చుని ఉంది. "సారూ, జరంత చాయ్ తాగొచ్చునా?" అంది. ఆ గోళీని మెల్లమెల్లగా తగ్గించి పూర్తిగా మాన్పించడానికి మాత్రం నెలలు పట్టింది.

ఈ పెద్దమ్మ కథ మీకెందుకంటే, ఆమె ఒంట్లో రెండేళ్లు పెద్ద అక్షరాలతో జరిగినదే ఎడతెగని రంది ఉన్నవాళ్లలో చిన్న అక్షరాలతో జరుగుతుంది. కార్టిసాల్ పని రక్తంలో చక్కెర తగ్గకుండా చూడటం. దానికోసం కండరాల్లో ప్రోటీన్‌ను కరిగించి లివర్‌లో చక్కెరగా మారుస్తుంది, ఇన్సులిన్ మాట చెల్లకుండా చేస్తుంది. తీపి మీదికీ నూనె సరుకు మీదికీ మనసు పోయేలా చేస్తుంది, వచ్చిన కొవ్వును కాళ్లకూ చేతులకూ కాకుండా పొట్టలోకి తోస్తుంది. మన దేశంలో మగవాళ్లకు నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటితే, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలంటాం, మీరు మీది కొలవలేదు. ఇంత పని చేసే హార్మోన్‌ను బయటి నుంచి ఇష్టం వచ్చినట్టు పోస్తే ఏమవుతుందో 2021లో కరోనా రెండో వేవ్‌లో ఊరూరా చూశాం. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ అవసరమైన వాళ్ల ప్రాణాలు కాపాడింది. అవసరం లేకున్నా, ఎక్కువ రోజులు వాడినవాళ్లలో షుగర్ మూడు వందలు, నాలుగు వందలకు పోయింది, వెనకాలే బ్లాక్ ఫంగస్ వచ్చింది.

అయితే మీ షుగర్ 6.1 మొత్తం టెన్షన్ ఖాతాలోనే రాయను. 5.7 నుంచి 6.4 వరకు షుగర్‌కు ముందు దశ. అందులో మీ నాన్నగారి నుంచి వచ్చిన వాటా ఎంతో, రోజుకు ఎనిమిది చాయ్‌ల వాటా ఎంతో విడదీసి చెప్పలేం. ఎనిమిది కప్పులు మీరే రాశారు. కప్పుకు రెండు చెంచాల చక్కెర వేసుకున్నా రోజుకు 60-80 గ్రాములు అవుతుంది. ఆ చాయ్ మళ్లీ అడ్రినలిన్‌ను కెలుకుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన చాయ్‌లో కెఫీన్ రాత్రి పదకొండుకు ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది.

మూడో ప్రశ్నకు ఇదే నా సమాధానం. టెన్షన్ వల్ల అన్నది చాలాసార్లు నిజమే, కానీ సగం నిజం. ఆ సగంతో పేషెంటును ఇంటికి పంపడం తప్పు.

గుండె తీసుకోండి. 2004లో 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం వచ్చింది. మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి చూస్తే పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు మానసిక ఒత్తిడి కూడా పెద్ద కారణాల్లోనే తేలింది. అడ్రినలిన్ పోటెత్తితే బీపీ పెరగడమే కాదు, రక్తంలో ప్లేట్‌లెట్లు త్వరగా అతుక్కుంటాయి, గడ్డ కట్టే స్వభావం పెరుగుతుంది. జపాన్ డాక్టర్లు 1990 ప్రాంతంలో ఇంకొకటి గుర్తించారు. భర్త పోయాడనో బిడ్డ పోయిందనో కబురు విన్న గంటల్లో గుండెపోటులాగే ఛాతీ నొప్పి వస్తుంది, ఈసీజీ మారుతుంది, యాంజియోగ్రామ్ చేస్తే రక్తనాళాల్లో అడ్డు ఏమీ ఉండదు. గుండె ఎడమ గది కొన బెలూన్‌లా ఉబ్బి, వాళ్లు ఆక్టోపస్‌ను పట్టే కుండలా కనిపిస్తుంది. ఆ కుండ పేరే, టాకోట్సుబో, జబ్బుకు పెట్టారు. ఎక్కువగా ముట్లు ఆగిన ఆడవాళ్లలో వస్తుంది. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. "గుండె పగిలి పోయిండు" అని మనవాళ్లు ఎప్పటి నుంచో అంటున్న మాట ఉత్త మాట కాదన్నమాట.

కడుపు విషయంలో మాత్రం మనందరినీ సరిదిద్దాల్సి వచ్చింది. 1936లో హాన్స్ సెల్యే ఎలుకలను రకరకాలుగా బాధపెట్టి చూస్తే, ఏ బాధ పెట్టినా అడ్రినల్స్ పెద్దవయ్యాయి, రోగనిరోధక శక్తికి పనికొచ్చే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. అక్కడి నుంచి "అల్సర్ అంటే టెన్షన్" అని అందరి నోటా స్థిరపడింది. చివరికి ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు, మనుషుల్లో వచ్చే అల్సర్లలో ఎక్కువ హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా వల్లేనని తేల్చారు. జనం నమ్మకపోతే మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి చూపించాడు, 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు అల్సర్ అంటే నేను అడిగేది రెండు: ఆ బాక్టీరియా ఉందా, నొప్పి గోళీలు మింగుతున్నారా. టెన్షన్ మంట పెంచుతుంది, విరేచనాలు పెడుతుంది, అంతవరకు నిజం.

మీ జలుబు సంగతికి వస్తే, 1991లో ఇంగ్లండులో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న 394 మందికి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి విడిగా ఉంచి చూశారు. జీవితంలో ఒత్తిడి ఎంత ఎక్కువ ఉంటే జలుబు పట్టుకోవడం అంత ఎక్కువ. ఇంకో చిన్న అధ్యయనం నాకు మరీ ఇష్టం, 1995లో వచ్చింది. మతిమరుపు జబ్బు ఉన్న ఇంటి మనిషికి సేవ చేస్తున్న 13 మంది ఆడవాళ్లను, అలాంటి భారం లేని 13 మందిని తీసుకుని, చేతి మీద 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేసి ఎన్నాళ్లకు మానుతుందో చూశారు. భారం ఉన్నవాళ్లకు సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. మంచం పట్టిన అత్తకు సేవ చేసే కోడలు "నా పుండు మానుతలేదు సారూ" అంటే నేను షుగర్ ఒక్కటే చూసి ఊరుకోను, ఇంట్లో ఎవరు తోడున్నారని కూడా అడుగుతాను.

జుట్టు గురించి ఎక్కువ చెప్పను. గట్టి దెబ్బ తగిలిన రెండు మూడు నెలలకు ఒక్కసారిగా రాలడం ఉంటుంది, అది మళ్లీ వస్తుంది. మీది రెండేళ్లుగా మెల్లగా పలచబడటం. అది వయసుతో, వంశంతో వచ్చే బట్టతల కావచ్చు, థైరాయిడ్ ఒకసారి చూడాలి. ఇంకొకటి మీరు రాయలేదు, మగవాళ్లు సాధారణంగా రాయరు. రంది ఎక్కువైతే మెదడు సంతానానికి సంబంధించిన హార్మోన్ల కబురు తగ్గిస్తుంది. ఆడవాళ్లకు ముట్లు తప్పుతాయి, మగవాళ్లకు కోరిక తగ్గుతుంది. అలా ఉంటే దానికి వేరే మందుల కోసం గోడల మీద రాతలు చూసి వెళ్లకండి.

ఇప్పుడు రాత్రి మూడు. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలోనే ఉంటుంది. రెండు మూడు గంటలప్పటి నుంచి కార్టిసాల్ తెల్లవారే పనికి మెల్లగా లేవడం మొదలెడుతుంది, నిద్ర పలచబడుతుంది. మామూలు మనిషి అటు తిరిగి పడుకుంటాడు. మనసులో అప్పు ఉన్నవాడికి అదే గుర్తొస్తుంది. గుర్తొచ్చిందా, అడ్రినలిన్ వచ్చింది, నిద్ర పోయింది. పడుకునే ముందు ఒక పెగ్గు వేస్తే పడుతుందని కొందరు అంటారు. పడుతుంది, కానీ మందు దిగే వేళకు, సరిగ్గా ఆ మూడింటికే, లేపుతుంది కూడా. దీనికంటే ముందు ఒక ప్రశ్న, మీకు కాదు, మీ ఇంటావిడకు: మీరు గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అయి మళ్లీ గుర్రుమని అందుకుంటారా? అలా ఉంటే అది స్లీప్ ఆప్నియా. ఊపిరి ఆగిన ప్రతిసారీ ఒళ్లు అడ్రినలిన్ పోసి మిమ్మల్ని లేపుతుంది. బీపీ పెరగడం, పొట్ట, పగలు మత్తు అన్నీ దానివల్లే కావచ్చు. ఇన్నేళ్లలో "టెన్షన్ బీపీ" అని వచ్చినవాళ్లలో ఇలా గురక దగ్గర దొరికిపోయినవాళ్లు నాకు తక్కువేం కాదు.

పొడి గురించి. కార్టిసాల్ తగ్గిస్తామని అమ్మే డబ్బాల్లో ఎక్కువగా ఉండేది అశ్వగంధ. కొన్ని చిన్న పరిశోధనల్లో కార్టిసాల్ కాస్త తగ్గినట్టు, నిద్ర కొంచెం మెరుగైనట్టు కనిపించింది, కాదనను. కానీ దానివల్ల లివర్ దెబ్బతిన్న కేసులూ వచ్చాయి, థైరాయిడ్ హార్మోన్ పెంచవచ్చు, బీపీ, షుగర్ గోళీలతో కలిస్తే అవి ఎక్కువ పని చేయవచ్చు. గర్భిణులు ముట్టకూడదు. మీరు పంపిన లేబుల్ ఫొటోలో రెండో వరుసలో అతిమధురం ఉంది, అది చూసి నాకు ఇంకా అభ్యంతరం. మన మూత్రపిండాల్లో కార్టిసాల్‌ను ఆపి ఉంచే ఒక ఎంజైమ్ ఉంటుంది. అతిమధురం దాన్ని అడ్డుకుంటుంది. అప్పుడు కార్టిసాల్ ఉప్పును పట్టి ఉంచే హార్మోన్ పని కూడా తానే చేయడం మొదలెడుతుంది. బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. గొంతు నొప్పికి ఒక ముక్క నమిలితే ఏమీ కాదు. బీపీ 148 ఉన్న మనిషి టెన్షన్ తగ్గుతుందని నెలల తరబడి అతిమధురం తినడం మాత్రం తలుపు తీసి దొంగను పిలిచినట్టే. "అడ్రినల్ ఫటీగ్" అని ఇంకో పేరు కూడా వాళ్లు చెబుతారు, గ్రంథులు అలిసిపోయాయని. హార్మోన్ వైద్యుల సంఘాలు ఆ జబ్బును ఒప్పుకోవు.

నిజంగా కార్టిసాల్ జబ్బు, కుషింగ్ సిండ్రోమ్, ఉందేమోనని భయమా? కింద కూర్చుని చేతులు ఆన్చకుండా లేవండి. లేవగలిగితే, పొట్ట మీద వేలు వెడల్పు ఊదా రంగు చారలు లేకపోతే, ఊరికే కమిలిన మచ్చలు పడకపోతే ఆ అనుమానం నాకు లేదు. ఉన్నవాళ్లకు కూడా పొద్దుటి కార్టిసాల్ ఒక్కటే చూడం. రాత్రి 11 గంటలకు డెక్సామెథాసోన్ ఒక మిల్లీగ్రాము ఇచ్చి మర్నాడు 8 గంటలకు చూస్తాం, లేదా రాత్రి పొద్దుపోయాక లాలాజలంలో, లేదా 24 గంటల మూత్రంలో చూస్తాం.

మీరు చేయాల్సింది చెప్తాను. బీపీ మిషన్ ఒకటి కొనండి, చేతికి పట్టీ కట్టేది, మణికట్టుది వద్దు. వారం రోజులు పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చున్నాక రెండేసి సార్లు చూసి రాయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే గోళీ మొదలుపెట్టాల్సిందే, "టెన్షన్ తగ్గితే అదే తగ్గుతుందిలే" అని ఏడాది గడపొద్దు. అలా గడిపి పక్షవాతంతో వచ్చినవాళ్లను చూశాను. రోజుకు ఉప్పు మొత్తం ఒక టీ చెంచాకు మించకూడదు, పచ్చడి కూడా ఆ లెక్కలోదే. చాయ్ మూడు చేయండి, మూడోది మధ్యాహ్నం మూడు లోపు. రోజూ అరగంట చురుగ్గా నడవండి. యార్డులో లారీలు పోయాక ఖాళీగానే ఉంటుంది, మిర్చి సీజన్‌లో మాత్రం ఆ ఘాటులో వద్దు. నడిస్తే ఏమవుతుందంటే, మా మామకు ఆ రోజు పని లేకుండా బయటికి వచ్చిన చక్కెరకు ఒక పని దొరుకుతుంది.

పాట ముందు, అప్పుల ఫోన్ తర్వాత ఐదు నిమిషాలు ఊపిరి సంగతి చూడండి. నాలుగు లెక్కబెడుతూ పీల్చి, ఆరు లెక్కబెడుతూ వదలాలి, నిమిషానికి ఆరుసార్లు అవుతుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండెను నెమ్మది చేసే వేగస్ నరం పని చేస్తుంది, దాన్ని కాస్త ఎక్కువ సేపు పని చేయనివ్వడమే ఇది. నాడి మీద వేలు పెట్టి చూసుకోండి, మీకే తెలుస్తుంది.

అప్పుకు నా దగ్గర మందు లేదు. కానీ మీరు గుమస్తా. రోజూ దుకాణంలో చిట్టా రాసి, కూడిక సరిచూసి మూయందే ఇంటికి పోరు. మీ సొంత అప్పును మాత్రం కాగితం మీద ఎక్కడా రాయలేదు, అందుకే అది మూడింటికి లేపి లెక్క అడుగుతోంది. రాత్రి ఏడింటికి, అన్నానికి ముందు, ఎవరికెంత, వడ్డీ ఎంత, ఈ నెల ఎవరికి ఏం చెప్పాలి, మీ ఇంటావిడ పక్కన ఉండగా రాయండి. మూడింటికి మెలకువ వస్తే ఫోన్ చూడకుండా, ఇరవై నిమిషాలు దాటితే లేచి వేరే గదిలో కూర్చుని, నిద్ర వచ్చాకే మళ్లీ పడుకోండి. బతుకు మీద విరక్తి లాంటి ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే నాకు దాచొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళయినా ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు.

రెండు వారాల తర్వాత బీపీ రాసిన కాగితం తీసుకుని దగ్గర్లోని ఫిజీషియన్ దగ్గరకు వెళ్లండి. ఈసీజీ, కిడ్నీకి క్రియాటినిన్, పొటాషియం, కొలెస్ట్రాల్, థైరాయిడ్ చేయించుకుంటే చాలు. ఆ పొడి ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఎన్నాళ్ల నుంచో చెప్పి, డబ్బా కూడా చూపించండి. మీ ఇంటావిడను తప్పకుండా వెంట తీసుకెళ్లండి, గురక సంగతి మీరు చెప్పలేరు.